అమెరికాలో జ్యూరీ డ్యూటీ: తెలుగువారు తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికా పౌరసత్వం తీసుకున్న తెలుగువారి ఇళ్లకు ఎప్పుడో ఒకప్పుడు కోర్టు నుంచి జ్యూరీ సమన్లు వస్తాయి. కవరు విప్పగానే చాలామందికి వచ్చే మొదటి సందేహం, దీన్ని ఎలా తప్పించుకోవాలన్నదే. దానికీ కింద జవాబు ఉంది. అయితే లక్షల ఓట్లలో ఒక ఓటుకు ఉండే బరువు వేరు, పన్నెండు మందిలో ఒకరి మాటకు ఉండే బరువు వేరు అన్న సంగతి గుర్తుంచుకుని మిగతా జవాబులు కూడా చదవమని మనవి. నియమాలు రాష్ట్రాన్ని బట్టి, ఒక్కోసారి కౌంటీని బట్టి మారతాయి కనుక, మీ సమన్ల మీద అచ్చయిన సూచనలే మీకు ప్రమాణం.

జ్యూరీ అంటే ఏమిటి? మన దేశంలో లేని ఈ పద్ధతి అక్కడ ఎందుకు ఉంది?

కేసులో వాస్తవంగా ఏం జరిగిందో తేల్చే పనిని న్యాయమూర్తికి కాకుండా, ఆ ప్రాంతంలో నివసించే సామాన్య పౌరుల బృందానికి అప్పగించడమే జ్యూరీ పద్ధతి. చట్టం ఏమిటో న్యాయమూర్తి చెబుతారు, సాక్ష్యాన్ని జ్యూరీ తూకం వేస్తుంది. బ్రిటిష్ రాజు తమకు జ్యూరీ విచారణ దక్కకుండా చేస్తున్నాడన్నది 1776 నాటి స్వాతంత్ర్య ప్రకటనలో వలస రాష్ట్రాలు రాసుకున్న ఫిర్యాదుల్లో ఒకటి. అందుకే రాజ్యాంగం మూడో అధికరణంలో క్రిమినల్ కేసుల విచారణ జ్యూరీ ముందు జరగాలని రాసుకున్నారు. అది చాలదన్నట్టు, 1791లో అమలులోకి వచ్చిన హక్కుల పత్రంలో, అంటే రాజ్యాంగానికి చేసిన మొదటి పది సవరణల్లో, ఐదో సవరణ అభియోగం మోపాలా వద్దా అని చూసే గ్రాండ్ జ్యూరీకి, ఆరో సవరణ క్రిమినల్ విచారణకు, ఏడో సవరణ ఫెడరల్ కోర్టుల్లోని సివిల్ దావాలకు ఆ హక్కును విడివిడిగా కట్టుదిట్టం చేశాయి. ఆరో సవరణలోని హక్కు రాష్ట్రాల కోర్టులకు కూడా వర్తిస్తుందని సుప్రీంకోర్టు 1968లో డంకన్ వర్సెస్ లూసియానా కేసులో తేల్చింది.

భారతదేశంలోనూ ఒకప్పుడు జ్యూరీ ఉండేది. భార్య ప్రియుడిని కాల్చి చంపాడన్న అభియోగం మీద నౌకాదళ అధికారి నానావతిపై నడిచిన కేసులో 1959లో బొంబాయి జ్యూరీ 8–1 తేడాతో నిర్దోషి అని చెప్పగా, ఆ తీర్పుతో ఏకీభవించని సెషన్స్ జడ్జి కేసును హైకోర్టుకు నివేదించారు. హైకోర్టు దోషిగా తేల్చింది, 1961లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. అదే చివరి జ్యూరీ విచారణ అని చాలామంది చెబుతారు గానీ, ఆ తర్వాత కూడా కొన్నిచోట్ల కొన్నేళ్లు ఆ పద్ధతి కొనసాగింది. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ వచ్చేసరికి మాత్రం జ్యూరీకి చోటు లేకుండా పోయింది.

నాకు ఉన్నది గ్రీన్ కార్డు మాత్రమే. నాకు సమన్లు ఎందుకు వచ్చాయి?

కోర్టులు పేర్లను ఓటర్ల జాబితాల నుంచే కాక, చాలా రాష్ట్రాల్లో డ్రైవింగ్ లైసెన్సుల జాబితాల నుంచి కూడా తీసుకుంటాయి. లైసెన్సు ఉన్న హెచ్-1బి ఉద్యోగికైనా, గ్రీన్ కార్డుదారుకైనా, ఆఖరికి డిపెండెంట్ వీసా మీద ఉన్న వారికైనా ఆ కారణంగానే పిలుపు వస్తుంది. పిలుపు వచ్చినంత మాత్రాన అర్హత ఉన్నట్టు కాదు. సమన్లతో పాటు వచ్చే ప్రశ్నపత్రంలో, మీరు అమెరికా పౌరులా అన్న ప్రశ్న ఉంటుంది. కాదని గుర్తుపెట్టి, సంతకం చేసి, గడువులోగా తిప్పి పంపాలి. కొన్ని కోర్టులు గ్రీన్ కార్డు నకలు కూడా అడుగుతాయి. మనకు వర్తించదు కదా అని కాగితాన్ని పక్కన పడేయడం ఒక తప్పు. అంతకంటే పెద్ద తప్పు, ప్రశ్న సరిగా చదవకుండా అవునని గుర్తుపెట్టడం. పౌరులం కాకపోయినా పౌరులమని చెప్పుకోవడం ఇమిగ్రేషన్ చట్టంలో దేశ బహిష్కరణకు దారితీయగల విషయం. దాన్ని సరిదిద్దుకునే మార్గాలు చాలా తక్కువ.

ఓటు విషయం కూడా ఇంతే. లైసెన్సు ఆఫీసులో ఇచ్చిన కాగితాల బొత్తిలో ఓటరు నమోదు ఫారం కూడా ఉండి, దాని మీద చూసుకోకుండా సంతకం పెట్టేసిన వారు ఉన్నారు. పౌరులు కానివారు ఫెడరల్ ఎన్నికల్లో ఓటు వేయడం నేరం. జ్యూరీ ప్రశ్నపత్రంలో పౌరులం కాదని రాసిన వారి వివరాలు కొన్ని రాష్ట్రాల్లో ఓటర్ల జాబితా అధికారులకు చేరతాయి కూడా. మీ పేరు పొరపాటున ఆ జాబితాలో ఉందని అనుమానం ఉంటే, పౌరసత్వ దరఖాస్తు పెట్టకముందే ఇమిగ్రేషన్ న్యాయవాదిని కలవండి.

పౌరులందరూ అర్హులేనా?

ఫెడరల్ కోర్టుల వరకు 1968 నాటి జ్యూరీ ఎంపిక చట్టం ప్రకారం, 18 ఏళ్లు నిండి, ఆ కోర్టు పరిధిలో ఏడాదిగా నివసిస్తున్న పౌరులు అర్హులు. ఏడాదికి మించి జైలుశిక్ష పడగల నేరాభియోగం పెండింగులో ఉన్నవారు, అలాంటి నేరంలో దోషిగా తేలి పౌర హక్కులు తిరిగి పొందనివారు అనర్హులు. సైన్యంలో పనిచేస్తున్నవారిని, పోలీసు, అగ్నిమాపక ఉద్యోగులను, పూర్తికాలపు ప్రభుత్వ పదవుల్లో ఉన్నవారిని పిలవరు. రాష్ట్రాల నియమాలు ఇంచుమించు ఇలాగే ఉన్నా, వయసు, పాత శిక్షల విషయంలో తేడాలు ఉంటాయి.

నా ఇంగ్లీషు అంతంత మాత్రం. అది కారణంగా చెప్పవచ్చా?

ఇంగ్లీషు చదవడం, రాయడం, మాట్లాడటం, అర్థం చేసుకోవడం రాకపోతే ఫెడరల్ జ్యూరీలో కూర్చోనివ్వరు. వయసు మళ్లిన తర్వాత పౌరసత్వం తీసుకుని, మినహాయింపు మీద తెలుగులోనే ఇంటర్వ్యూ ఇచ్చిన తల్లిదండ్రులకు ఇది నిజమైన కారణం, నిస్సంకోచంగా రాయవచ్చు. రోజూ ఆఫీసులో ఇంగ్లీషులో మీటింగులు నడిపేవారు ఇదే రాస్తే మాత్రం నమ్మేవారు ఉండరు. ప్రశ్నపత్రంలో రాసేదంతా నిజమని సంతకం పెట్టి చెబుతున్నారన్నది మరిచిపోకూడదు. యాస అడ్డంకి కానే కాదు.

వెళ్లకపోతే ఏమవుతుంది? ఉద్యోగానికి, జీతానికి ఇబ్బంది రాదా?

ఫెడరల్ సమన్లను సరైన కారణం లేకుండా పెడచెవిన పెడితే 1,000 డాలర్ల వరకు జరిమానా, మూడు రోజుల వరకు జైలు, సమాజ సేవ, లేదా వీటిలో ఒకటికి మించి కూడా విధించవచ్చు. వాస్తవంలో మొదట మరో నోటీసు రావడమే మామూలు.

ఫెడరల్ కోర్టులో జ్యూరీకి వెళ్లినందుకు యజమాని మిమ్మల్ని ఉద్యోగంలోంచి తీసేయకూడదు, తీసేస్తామని బెదిరించనూ కూడదు. ఉల్లంఘిస్తే ఒక్కో ఉల్లంఘనకు 5,000 డాలర్ల వరకు జరిమానా పడుతుంది. రాష్ట్ర కోర్టుల విషయంలో రాష్ట్రాలు ఇలాంటి చట్టాలే చేసుకున్నాయి. జీతం సంగతి వేరు. గంటల లెక్కన పనిచేసేవారికి ఆ రోజుల కూలి చెల్లించాలని ఫెడరల్ చట్టం చెప్పదు. ఓవర్‌టైమ్ వర్తించని నెలజీతపు ఉద్యోగులు, అంటే మన ఐటీ ఉద్యోగుల్లో చాలామంది, వారంలో కొంత పని చేసి మిగతా రోజులు జ్యూరీకి వెళితే ఆ వారం జీతంలో కోత పెట్టకూడదు. కోర్టు ఇచ్చిన భత్యాన్ని మాత్రం యజమాని సర్దుబాటు చేసుకోవచ్చు. ఆ భత్యం ఫెడరల్ కోర్టుల్లో రోజుకు 50 డాలర్లు. కాలిఫోర్నియాలో మామూలుగా రెండో రోజు నుంచి 15 డాలర్లు. గ్యాస్ స్టేషనులోనో, కిరాణా దుకాణంలోనో గంటల కూలి మీద పనిచేసే వ్యక్తికి మూడు వారాల విచారణ ఎంత భారమో ఈ అంకెలే చెబుతాయి. జ్యూరీలో అన్ని వర్గాలవారూ ఉండాలని చట్టం కోరుకుంటూ, వారు వచ్చేందుకు తగిన డబ్బు మాత్రం ఇవ్వకపోవడం ఈ వ్యవస్థలో పెద్ద లోపమని ఈ రచయిత అభిప్రాయం.

ఇండియా ప్రయాణం ఉంది, ఇంట్లో పసిబిడ్డ ఉంది. వాయిదా అడగవచ్చా?

తప్పకుండా అడగవచ్చు. మొదటిసారి వాయిదా అడిగితే చాలా కోర్టులు పెద్దగా పేచీ పెట్టకుండా ఒప్పుకుంటాయి. ఆన్‌లైన్‌లోనే మీకు వీలైన తేదీ ఎంచుకునే సదుపాయం చాలాచోట్ల ఉంది. పూర్తిగా మినహాయించడం వేరు. దానికి అనారోగ్యం, చూసుకునే దిక్కులేని పసిపిల్లలు లేదా వృద్ధులు, తీవ్రమైన ఆర్థిక ఇబ్బంది వంటి కారణం చూపించాలి. 70 ఏళ్లు దాటినవారు అడిగితే చాలా ఫెడరల్ కోర్టులు మినహాయిస్తాయి.

కోర్టుకు వెళ్లిన రోజు ఏం జరుగుతుంది?

ఉదయాన్నే సెక్యూరిటీ తనిఖీ దాటి, సమన్ల మీది బార్‌కోడు చూపించి, బ్యాడ్జి తగిలించుకుని పెద్ద హాల్లో కూర్చుంటారు. ఆ రోజు ఎక్కువ భాగం ఎదురుచూపులే, పుస్తకం తీసుకెళ్లడం మంచిది. కొందరిని మధ్యాహ్నానికే పంపేస్తారు. విచారణ మొదలుకాబోతోందని తెలిసి, చివరి నిమిషంలో రాజీపడే కేసులు తక్కువేమీ కాదు. కాలిఫోర్నియా వంటి రాష్ట్రాల్లో ఒక రోజు లేదా ఒక విచారణ అన్న పద్ధతి ఉంది, అంటే ఆ రోజు ఏ కేసుకూ ఎంపిక కాకపోతే మీ వంతు తీరినట్టే.

పేరు పిలిస్తే, కొన్ని పదుల మందితో కలిసి కోర్టు గదిలోకి వెళతారు. అక్కడ ప్రమాణం చేయించి, న్యాయమూర్తి, ఇరుపక్షాల న్యాయవాదులు ప్రశ్నలు అడుగుతారు. మీ ఇంట్లో ఎవరైనా దొంగతనం బారిన పడ్డారా? బంధువుల్లో పోలీసులు ఉన్నారా? ఎప్పుడైనా మీ మీద ఎవరైనా దావా వేశారా? యూనిఫాం వేసుకున్న సాక్షి చెబితే, మామూలు మనిషి మాటకంటే ఎక్కువగా నమ్ముతారా? ముద్దాయి నోరు విప్పకపోతే తప్పు చేసినట్టేనని అనిపిస్తుందా? ఈ చివరి ప్రశ్న దగ్గరే చాలామంది తడబడతారు, ఎందుకంటే తప్పు చేయనివాడికి భయమెందుకన్న మాట మనకు చిన్నప్పటి నుంచీ అలవాటు. మౌనంగా ఉండే హక్కు ఐదో సవరణ ఇచ్చింది, ఆ మౌనాన్ని ముద్దాయికి వ్యతిరేకంగా తీసుకోకూడదు. నేరాన్ని సహేతుకమైన సందేహానికి తావు లేకుండా రుజువు చేయవలసిన భారం మొత్తం ప్రభుత్వం మీదే ఉంటుంది.

నిష్పక్షపాతంగా ఉండలేరని తేలితే న్యాయమూర్తి మిమ్మల్ని పంపేస్తారు; ఈ కారణం మీద ఎందరినైనా తొలగించవచ్చు. ఇది కాక, కారణం చెప్పకుండానే కొందరిని వద్దనే అవకాశం ఇరుపక్షాలకూ ఉంటుంది. ఫెడరల్ కోర్టుల్లో మరణశిక్షకు తావులేని తీవ్ర నేరాల కేసుల్లో ముద్దాయి పక్షానికి అలాంటివి పది, ప్రభుత్వానికి ఆరు. అరిజోనా రాష్ట్రం 2022 నుంచి ఈ పద్ధతినే రద్దు చేసింది. తప్పించుకుందామని లేని పక్షపాతాన్ని నటించేవారు ప్రమాణం చేసి అబద్ధం ఆడుతున్నట్టే. ఆ నటనలు రోజూ చూసే న్యాయమూర్తులను నమ్మించడం కూడా అంత తేలిక కాదు.

భారతీయుడినన్న కారణంతో నన్ను తొలగించవచ్చా?

కూడదు. జాతిని బట్టి జ్యూరర్లను ప్రాసిక్యూటర్ తొలగించకూడదని 1986లో బాట్సన్ వర్సెస్ కెంటకీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. స్త్రీ పురుష భేదం ఆధారంగా తొలగించడం కూడా కుదరదని 1994లో మరో తీర్పు వచ్చింది. ఆచరణలో మాత్రం న్యాయవాది ఏదో ఒక తటస్థమైన కారణం చెబితే, అది సాకు మాత్రమేనని నిరూపించడం కష్టం. ఒకే నిందితుడిని ఒకే ప్రాసిక్యూటర్ ఆరుసార్లు విచారణకు నిలబెట్టిన ఫ్లవర్స్ వర్సెస్ మిసిసిపీ కేసులో, నల్లజాతి జ్యూరర్ల తొలగింపులో వివక్ష ఉందని 2019లో సుప్రీంకోర్టు శిక్షను కొట్టేసింది.

ఈ స్థానం భారతీయులకు ఊరికే దక్కలేదు. 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారని సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. 1946లో లూస్–సెల్లర్ చట్టం వచ్చాకే భారతీయ వలసదారులకు పౌరసత్వం, దానితో పాటు జ్యూరీలో కూర్చునే అవకాశం అందాయి. ఇక మహిళలకు రాష్ట్ర చట్టాలతో నిమిత్తం లేకుండా ఫెడరల్ జ్యూరీలో చోటు దక్కింది 1957 నాటి పౌరహక్కుల చట్టంతోనే.

సాక్షి తెలుగులో మాట్లాడితే, నాకు తెలుగు వచ్చు కనుక నేరుగా అర్థం చేసుకోవచ్చా?

కూడదు. సాక్ష్యం కింద లెక్కకు వచ్చేది కోర్టు నియమించిన దుభాషి ఇంగ్లీషులో చెప్పిన మాటే. సాక్షి కాకినాడ యాసలో అన్నది దుభాషి సరిగా పట్టుకోలేదని మీకు అనిపించినా, చర్చ గదిలో మిగతా జ్యూరర్లకు మీ అనువాదం వినిపించకూడదు. మిగతా పదకొండు మంది వినని సాక్ష్యం మీ ఒక్కరి దగ్గర ఉండటం న్యాయం కాదన్నది దీని వెనక ఉన్న తర్కం. తప్పు దొర్లిందని అనిపిస్తే కోర్టు సిబ్బంది ద్వారా న్యాయమూర్తికి చీటీ పంపవచ్చు. దుభాషి మాటకు కట్టుబడతారో లేదోనన్న అనుమానంతో స్పానిష్ తెలిసిన జ్యూరర్లను తొలగించడాన్ని 1991లో హెర్నాండెజ్ వర్సెస్ న్యూయార్క్ కేసులో సుప్రీంకోర్టు సమర్థించింది. ఆ తీర్పు మీద విమర్శలు ఉన్నాయి, అవి సబబైనవే. ఏదేమైనా భాష గురించి అడిగినప్పుడు దుభాషి చెప్పినదాన్నే అనుసరిస్తానని నిజాయితీగా చెప్పగలగాలి.

అందరూ ఒప్పుకుంటేనే తీర్పా? పన్నెండు మంది తప్పనిసరా?

క్రిమినల్ కేసుల్లో దోషి అని తేల్చాలంటే అందరూ ఏకాభిప్రాయానికి రావాలి. లూసియానా, ఒరెగాన్ రాష్ట్రాలు చాలాకాలం 10–2 తేడాతో కూడా శిక్షలు వేశాయి. ఆ నిబంధన మూలాలు జాతి వివక్షలో ఉన్నాయని గుర్తుచేస్తూ, 2020లో రామోస్ వర్సెస్ లూసియానా కేసులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. సంఖ్య విషయంలో మాత్రం రాజ్యాంగం పన్నెండును పట్టుబట్టదని 1970లో కోర్టు చెప్పడంతో, ఫ్లోరిడాలో మరణశిక్షకు తావులేని కేసుల్లో ఆరుగురి జ్యూరీ ఉంటుంది. ఆరుకంటే తగ్గకూడదని 1978లో మరో తీర్పు గీత గీసింది.

జ్యూరీ తీర్పును న్యాయమూర్తి మార్చవచ్చా?

దోషి అన్న తీర్పుకు సాక్ష్యం చాలదనుకుంటే న్యాయమూర్తి దాన్ని పక్కన పెట్టవచ్చు, ముద్దాయి అప్పీలుకూ వెళ్లవచ్చు. నిర్దోషి అన్న తీర్పు మాత్రం అంతిమం. ఒకే నేరానికి రెండుసార్లు విచారించకూడదన్న ఐదో సవరణ కారణంగా ప్రభుత్వం దాని మీద అప్పీలు చేయలేదు. నానావతి కేసు అమెరికాలో జరిగి ఉంటే, ఆ 8–1 అన్నది ఏకగ్రీవం కాదు కనుక మళ్లీ విచారించేవారేమో గానీ, జ్యూరీ ఏకగ్రీవంగా వదిలేసిన మనిషిని పైకోర్టు జైలుకు పంపడం అసాధ్యం. శిక్ష ఎంతన్నది సాధారణంగా న్యాయమూర్తి నిర్ణయిస్తారు. అయితే చట్టం చెప్పిన గరిష్ఠ శిక్షను పెంచే వాస్తవం ఏదైనా ఉంటే, పాత శిక్షల సంగతి మినహాయిస్తే, దాన్ని జ్యూరీయే తేల్చాలని 2000లో అప్రెండి కేసు చెప్పింది.

గ్రాండ్ జ్యూరీ వేరా?

వేరు. నిందితుడు దోషా కాదా అన్నది గ్రాండ్ జ్యూరీ తేల్చదు. అభియోగం మోపడానికి తగిన ఆధారం ఉందా అన్నదే చూస్తుంది. ఫెడరల్ గ్రాండ్ జ్యూరీలో 16 నుంచి 23 మంది ఉంటారు, 12 మంది ఒప్పుకుంటే అభియోగపత్రం వెలువడుతుంది. అక్కడ న్యాయమూర్తి గానీ, అనుమానితుడి తరఫు న్యాయవాది గానీ ఉండరు. అంతా రహస్యం. నెలల తరబడి, విడతలుగా వెళ్లవలసి వస్తుంది.

పౌరుడు కాని వ్యక్తి మీద కేసు పడితే, జ్యూరీ హక్కు ఉంటుందా?

ఉంటుంది. జ్యూరీలో కూర్చోవడానికి పౌరసత్వం కావాలి గానీ, జ్యూరీ విచారణ కోరడానికి అక్కర్లేదు. ఆరో సవరణ హక్కు ఇచ్చింది నిందితుడికి, పౌరుడికి మాత్రమే కాదు. జ్యూరీ విచారణ లేకుండా చైనా వలసదారులకు కఠిన కారాగార శిక్ష వేయడం చెల్లదని 1896లోనే వాంగ్ వింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆరు నెలలకు మించి జైలు పడగల నేరమైతే ఈ హక్కు వర్తిస్తుంది. న్యాయవాదిని పెట్టుకునే స్తోమత లేకపోతే, తీవ్ర నేరాల కేసుల్లో ప్రభుత్వమే సమకూర్చాలని 1963 నాటి గిడియన్ తీర్పు చెబుతుంది.

ఇక్కడే మనవాళ్లు ఒక విషయం బాగా గమనించాలి. శిక్షలు పడిన ఫెడరల్ కేసుల్లో 97 శాతం, రాష్ట్ర కేసుల్లో 94 శాతం నేరాంగీకారంతోనే ముగుస్తున్నాయని సుప్రీంకోర్టే 2012 నాటి ఒక తీర్పులో పేర్కొంది. జ్యూరీ దాకా వెళ్లేవి అతి తక్కువ. షాపులో చిన్న దొంగతనం కేసులో ఒప్పేసుకుంటే జరిమానాతో పోతుందని ఎవరో చెబితే, వీసా మీద ఉన్న విద్యార్థి సంతకం పెట్టేస్తాడు. జరిమానాతో పోవలసింది కాస్తా వీసా దాకా వస్తుంది. నేరాంగీకారం వల్ల బహిష్కరణ ముప్పు ఉంటే ఆ సంగతి న్యాయవాది ముందే చెప్పి తీరాలని 2010లో పడిల్లా వర్సెస్ కెంటకీ తీర్పు వచ్చింది. ఆ ప్రశ్న మీరే ముందుగా అడగండి. బహిష్కరణ విచారణలు జరిపే ఇమిగ్రేషన్ కోర్టుల్లో జ్యూరీ ఉండదు. అవి న్యాయశాఖ కింద పనిచేస్తాయి, అక్కడ ప్రభుత్వ ఖర్చుతో న్యాయవాదిని ఇచ్చే హక్కు కూడా లేదు.

కేసు గురించి ఇంట్లోనో, వాట్సాప్‌లోనో చెప్పవచ్చా?

తీర్పు వచ్చేదాకా కూడదు. భార్యకో భర్తకో చెప్పగలిగింది ఫలానా కోర్టులో జ్యూరీలో ఉన్నాను, ఇన్ని రోజులు పడుతుంది అన్నంత వరకే. ముద్దాయి పేరు ఇంటర్నెట్‌లో వెతకడం, ఘటన జరిగిన కూడలికి వెళ్లి చూసిరావడం, ఫేస్‌బుక్‌లో ఒక్క వాక్యం రాయడం, ఇవన్నీ నిషిద్ధం. వీటివల్ల మొత్తం విచారణ రద్దయిన సందర్భాలు ఉన్నాయి. తీర్పు తర్వాత మాట్లాడాలా వద్దా అన్నది సాధారణంగా మీ ఇష్టం. మిగతా జ్యూరర్లు చర్చ గదిలో ఏమన్నారో కోర్టులు మామూలుగా వినవు గానీ, జాతి విద్వేషంతోనే ఓటు వేశానని ఎవరైనా స్పష్టంగా బయటపెట్టుకుంటే ఆ సంగతి వినాలని 2017లో పెన్యా-రోడ్రిగెజ్ కేసులో తేలింది.

జ్యూరీకి రానందుకు అరెస్టు చేస్తామని, వెంటనే డబ్బు కట్టమని ఫోన్ వచ్చింది. ఏం చేయాలి?

ఫోన్ పెట్టేయండి. అది మోసం. కోర్టులు జరిమానా కోసం ఫోన్ చేసి గిఫ్ట్ కార్డు నంబర్లు గానీ, బ్యాంకు వివరాలు గానీ, సోషల్ సెక్యూరిటీ నంబరు గానీ అడగవు. అవతలి మనిషి షెరీఫ్ ఆఫీసు పేరు, బ్యాడ్జి నంబరు చెప్పినా, ఫోన్ తెర మీద కోర్టు నంబరే కనిపించినా నమ్మవద్దు. నిజంగా సమన్లు తప్పాయేమోనన్న అనుమానం ఉంటే, కోర్టు వెబ్‌సైట్‌లో ఉన్న నంబరు చూసి జ్యూరీ కార్యాలయానికి మీరే ఫోన్ చేసి కనుక్కోండి. ఒకవేళ నిజంగానే తప్పి ఉంటే, వాళ్లు సాధారణంగా కొత్త తేదీ ఇస్తారు.